బడి చుక్క - బాట గీత (దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ దాకా)



పటం మీద బడిని చూపడానికి ఒక చుక్క చాలు. దానికి ఒక అక్షాంశం, ఒక రేఖాంశం ఉంటే సరి. ఒకప్పుడు సర్వే శాఖ వారికి మాత్రమే సాధ్యమైన ఈ పని నేడు ఇంట్లో కంప్యూటర్ ఉన్న ప్రతివారికీ అందుబాటులోకి వచ్చినది. క్యూజిఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక పట్టికను తెరిచి మీట నొక్కితే వందల బడులు క్షణంలో తెర మీద చుక్కలై పొడుస్తవి. చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ చుక్క బడి ఎక్కడ ఉన్నదో చెబుతుంది కాని, పిల్లవాడు అక్కడికి నడిచి చేరగలడా లేదా అన్నది చెప్పదు. చుక్కకూ పిల్లవాని గడపకూ నడుమ ఒక బాట ఉన్నది. ఆ బాట అట్లా ఎందుకున్నదో తెలియాలంటే ఆ చోటి చరిత్ర తెలియాలి.

ఇందుకు మా తూర్పు హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు ఉన్న మూడు కిలోమీటర్ల మేరను ఉదాహరణగా తీసుకొంటాను. దానికి ముందు, మన దేశంలో బడులను లెక్కపెట్టిన కథ కొంత చెప్పుకోవాలి. అది తెలియకపోతే నేటి పటాల మంచిచెడ్డలు మనకు అంతుపట్టవు.

* * *

మద్రాసు గవర్నరుగా ఉండిన సర్ థామస్ మన్రో 1822 జూన్‌లో తన ఏలుబడిలోని కలెక్టర్లందరికీ ఒక ఆదేశం పంపించినాడు. ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నవి, వాటిలో ఎందరు చదువుతున్నారు, వారు ఏ కులాల వారు అన్నది పట్టికలుగా వ్రాసి పంపవలెనని దాని సారాంశం. అవి అన్నీ చేరడానికి మూడు నాలుగేండ్లు పట్టినది. 1826 మార్చిలో మన్రో వాటిని కూడి చూడగా 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలినారు. అప్పటి రాజధాని జనాభా 1,28,50,941. అంటే సుమారు వేయి మందికి ఒక బడి. తెల్లవారు రాకముందు ఇక్కడ చదువే లేదనే వారికి ఈ అంకెలు నేటికీ జవాబు చెబుతూనే ఉన్నవి. ధరంపాల్ 1983లో ఆ నివేదికలను వెలికితీసి పుస్తకంగా ప్రకటించిన తరువాత ఇవి చాలామందికి తెలిసినవి.

ఆ నివేదికలలో తెలుగు పండితులకు ఆసక్తి కలిగించేది బళ్ళారి కలెక్టరు పంపినది. ఆయన పేరు ఎ.డి. క్యాంప్‌బెల్. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేసినది ఈయనే. ఎల్లిస్ దొర ద్రావిడ భాషలు ఒక కుదురువని నిరూపించిన పీఠిక ఆ వ్యాకరణానికి వ్రాసినదే. అట్టి క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన జిల్లాలో 533 బడులున్నవని వ్రాసినాడు. కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారసీకం 21, అరవం 4, ఇంగ్లీషు 1. ఒకే జిల్లాలో ఏడు భాషల బడులు! చదివేవారు 6,641 మంది.

అంకెలతో ఆగక, బడి ఎట్లా నడుస్తుందో కూడా ఆయన వర్ణించినాడు. తెల్లవారుతూనే పిల్లలు చేరేవారట. అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాని చేతిలో సున్న చుట్టేవారు, అంటే మెచ్చుకోలూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ. నాలుగవవానికి రెండు. ఆ పైన వచ్చే ప్రతివానికీ ఒక్కొక్క దెబ్బ ఎక్కువ. మన తాతల నాటి వీధిబడులలో ఈ ఆచారం తరువాత కూడా చాలాకాలం నిలిచినది. ఉపాధ్యాయుడుగా నాకు దీనిలో తోచేది ఇది. బడి పక్కన ఇల్లున్నవాడు సరస్వతిని అందుకొన్నాడు. ఊరి చివర ఇల్లున్నవాడు దెబ్బలను అందుకొన్నాడు. దూరాన్ని శ్రద్ధలోపంగా లెక్కకట్టిన పద్ధతి అది. వాడు ఎంత పొద్దుట లేచినాడన్నది ఎవరూ అడగలేదు.

మన్రో పట్టికలలో బడులు ఎన్ని అన్నది ఉన్నది. పిల్లలు ఎందరు అన్నది ఉన్నది. ఏ ఇంటికి ఎంత దూరం అన్నది మాత్రం లేదు. అది అడగాలన్న ఊహ అప్పటికి పుట్టలేదు. ఇక నిజాం ఏలుబడిలో ఉన్న మన ప్రాంతం ఆ లెక్కలోకే రాలేదు. ఇక్కడ సర్కారు బడులలో ఉర్దూ, ఊళ్ళలో ఎవరికి వారు పెట్టుకొన్న ఖాన్గీ బడులలో తెలుగు. ఆ ఖాన్గీ బడులకు కూడా సర్కారు అనుమతి ఉండవలెనన్న నిబంధనల మీద ఆంధ్ర మహాసభ వారు ఎంత పోరాడినారో చదువరులకు తెలిసినదే.

* * *

దూరాన్ని పటం మీద సరిగా కొలిచిన మొదటివారిలో ఒక వైద్యుడున్నాడు. ఆయన కొలిచినది బడికి దూరం కాదు, చేతిపంపుకు దూరం. 1854లో లండన్ నగరంలో బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వ్యాపించినపుడు డాక్టర్ జాన్ స్నో చనిపోయినవారి ఇండ్లను పటం మీద గుర్తించినాడు. అవి ఒక పంపు చుట్టూ గుమిగూడి ఉన్నవని చూపించినాడు. ఈ కథ అందరికీ తెలిసినదే. అంతగా ప్రచారం కానిది ఇంకొకటి ఉన్నది. 1855లో వెలువడిన పటంలో ఆయన ఒక వంకరటింకర గీత గీసినాడు. ఆ గీత లోపలి ఇండ్లవారికి బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర, బయటివారికి మరొక పంపు దగ్గర. ఆ దగ్గరతనాన్ని ఆయన పక్షి ఎగిరినట్లు సూటిగా కొలవలేదు. వీధుల వెంట నడిచే దారిని బట్టి కొలిచినాడు. కనుకనే ఆ గీత గుండ్రంగా రాక వంకరగా వచ్చినది. కంప్యూటర్ లేని కాలంలో చేతితో చేసిన ఈ పనిని, నేడు కంప్యూటర్ ఉండి కూడా చాలామంది చేయడం లేదు.

బడుల స్థానాలను ఒక పద్ధతి ప్రకారం నిర్ణయించే విద్య 20వ శతాబ్దిలో వచ్చినది. ఫ్రాన్సు దేశంలో 1963 నుండి 'కార్త్ స్కొలేర్' అనే ఏర్పాటు ఉన్నది. ఆ మాటకు బడుల పటమని అర్థం. ఏ వీధి పిల్లవాడు ఏ బడికి వెళ్ళవలెనో దాని ప్రకారం నిర్ణయమౌతుంది. యునెస్కో సంస్థ పారిస్‌లో నెలకొల్పిన విద్యా ప్రణాళికా కేంద్రం ఆ విద్యను పేద దేశాలకు పరిచయం చేసినది.

మన దేశంలో 1957లో మొదటి అఖిల భారత విద్యా సర్వే జరిగినది. బడిని కాక ఆవాసాన్ని, అంటే జనం గుడిసెలు కట్టుకొని ఉండే ప్రతి చిన్న గుంపునూ, లెక్కకు మూలంగా తీసుకోవడం ఆ సర్వేలో ముఖ్యమైన సంగతి. ఈ ఆవాసంలో బడి ఉన్నదా? లేకుంటే ఎంత దూరంలో ఉన్నది? మన్రో అడగని ప్రశ్న ఇక్కడ అడిగినారు. ఆ వరుసలో ఎనిమిదవ సర్వే 2009లో జరిగినది. ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల అన్న కొలతలు ఇటువంటి సర్వేల వలననే మన చెవులకు అలవాటైనవి.

ఈ సర్వేలకు తోడు 1990లలో జిల్లా విద్యా సమాచార వ్యవస్థ వచ్చినది. అదే పెరిగి యు-డైస్ అయినది. ప్రతి బడికీ పదకొండు అంకెల సంఖ్య ఇచ్చినారు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తరువాతి రెండు జిల్లావి, ఆ పైన మండలం, ఊరు, చివరగా బడి. బడికి ఇది ఇంటిపేరు, ఊరిపేరు అన్నీ కలిసిన ప్రవర వంటిది. ఒకప్పుడు సెప్టెంబరు 30 నాటి స్థితిని బట్టి ఏటేటా వివరాలు నింపడం ఉపాధ్యాయులకు ఎంత పని అయ్యేదో ఆ కాగితాలు నింపినవారికి తెలుసు. నేడు బడుల పటం వేసేవారికి ప్రధానమైన ఆధారం ఆ వివరాలే.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినది. దాని వెంట వచ్చిన కేంద్ర నియమాలలో బడుల పటం తయారు చేయడం ప్రభుత్వాల, స్థానిక సంస్థల విధి అని స్పష్టంగా వ్రాసి ఉన్నది. ఏడాదిలోగా చేయవలెను, ఆ తరువాత ఏటేటా చేయవలెను. ఆ నియమాలలో రెండు మాటలను గమనించవలసిందిగా చదువరులను కోరుతున్నాను. ఒకటి, కిలోమీటరు అన్నది 'నడక దూరం'. రెండు, వరదలు, దారి లేకపోవడం, ఇంటి నుండి బడికి వెళ్ళే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం వంటివి ఉన్నచోట ఆ దూరాన్ని తగ్గించి, ప్రమాదం తప్పేటట్లు బడిని నెలకొల్పవలెను. అంటే చట్టం కూడా చుక్కతో తృప్తిపడలేదు, బాటను అడిగినది.

* * *

ఇక మా ప్రాంతానికి వస్తాను.

దిల్‌సుఖ్‌నగర్ పేరు దిల్‌సుఖ్ రాం ప్రసాద్ అనే భూస్వామి పేరు మీదుగా వచ్చినదని చెబుతారు. వ్యాకరణం చదువుకొన్నవానికి ఆ పేరే ఒక వినోదం. 'దిల్' పారసీకం, 'సుఖ' సంస్కృతం, 'నగర' సంస్కృతం. సమాసాల శుద్ధిని గూర్చి పట్టింపు గల పండితులు ముక్కు విరుస్తారేమో కాని, లక్షల మంది నోట అది సుఖంగానే పలుకుతున్నది. దానికి పడమట మూసారాంబాగ్ ఉన్నది. నిజాం కొలువులో ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు జనం నాలుక మీద 'మూసా రాం' అయినది. ఆయన సమాధి ఆ దగ్గరి గుట్ట మీదనే ఉన్నది. దక్షిణాన సరూర్‌నగర్, 17వ శతాబ్ది నాటి చెరువు. తూర్పున కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరు మోసే హయాత్‌నగర్. నడుమ లాల్ బహదూర్ శాస్త్రి గారి పేర ఎల్.బి.నగర్. ఇంత కొద్ది మేరలో పారసీకం, ఫ్రెంచి, సంస్కృతం, హిందీ పేర్లు కలిసి ఉన్నవి.

వీటి నడుమ కొత్తపేట, గడ్డిఅన్నారం, మన్సూరాబాద్, బైరామల్‌గూడ, కర్మన్‌ఘాట్, నాగోలు అన్నీ ఒకనాటి పల్లెలు. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినపుడు ఇవి నగరపు జిల్లా నుండి విడిపోయి దానిలో చేరినవి. అటు మలక్‌పేట, మూసారాంబాగ్, సైదాబాద్ హైదరాబాదు జిల్లాలో ఉండిపోయినవి. తరువాత విజయవాడ రహదారి వెంట, సాగర్ రహదారి వెంట కాలనీలు వెలసినవి. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరుల నుండి వచ్చినవారు ఆ రెండు దారులు కలిసే చోటనే దిగి, అక్కడనే ఇండ్లు కట్టుకొన్నారు. 2007 ఏప్రిల్‌లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు మరి పదింటితో పాటు మహానగర పాలక సంస్థలో కలిసిపోయినవి. ఆనాటితో పల్లె పూర్తిగా నగరమైనది. కాగితం మీద.

బడుల పటం ఇక్కడ ఒక వింత చూపిస్తుంది. యు-డైస్ పట్టికలో ప్రతి బడికీ యాజమాన్యం ఏదో వ్రాసి ఉంటుంది. ప్రభుత్వ బడులకు ఒక రంగు, జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు బడులకు ఇంకొక రంగు వేయండి. పడమటి దిక్కున హైదరాబాదు జిల్లాలో ఉన్నవన్నీ 'ప్రభుత్వ' పాఠశాలలు. దిల్‌సుఖ్‌నగర్ దాటి సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు వస్తే 'జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల', 'మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాల' అన్న పేర్లు మొదలౌతవి. ఎక్కడా సరిహద్దు గీత గీయకుండానే రంగు మారినచోట పాత సరిహద్దు తనంతట తాను తేలుతుంది.

కారణం చరిత్రలో ఉన్నది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినపుడు పల్లెల బడులు వాటి చేతికి వచ్చినవి. 1980లలో సమితుల స్థానంలో మండల పరిషత్తులు వచ్చినవి. పల్లె పోయి మెట్రో రైలు వచ్చినా బడి నుదుట పరిషత్తు పేరు నిలిచే ఉన్నది. పల్లె పొలిమేర రాళ్ళు పోయినవి, బోర్డు మీద అక్షరాలు మిగిలినవి. శాసనాలను చదివేవారు రాజుల హద్దులను ఎట్లా గుర్తిస్తారో, ఈ బోర్డులను చదివి మనం పల్లెల హద్దులను అట్లా గుర్తించవచ్చును.

ఇది వట్టి వినోదం కాదు. ఆ పరిషత్తు బడులు ఎక్కడ ఉన్నవో చూడండి. పాత ఊరి నడిబొడ్డున, గ్రామకంఠంలో, గుడికో చావడికో దగ్గరగా. అవి పెట్టిననాడు ఊరంటే అంతే కనుక ఆ చోటు సరిగ్గా కుదిరినది. ఆ తరువాత చుట్టూ వెలసిన కాలనీలలో ఇంటి స్థలాలు అమ్మినవారు గుడికి, పార్కుకు చోటు చూపించినారు కాని, సర్కారు బడికి చోటు విడిచినవారు అరుదు. కాలనీలలో ప్రైవేటు బడులు వచ్చినవి, అవీ ఎక్కువగా అద్దె భవనాలలో. కట్టడాలలో కూలిపని చేసేవారు, ఇండ్లలో పాచిపని చేసేవారు కాలనీల అంచులలో ఉంటారు. వారి పిల్లలకు కావలసినది సర్కారు బడి. అది పాత ఊరి నడుమ ఉన్నది. బడి కదలలేదు, ఊరు పెరిగి పక్కకు జరిగినది.

* * *

ఇప్పుడు ఆ చుక్కల చుట్టూ కిలోమీటరు వ్యాసార్ధంతో వృత్తాలు గీయమని సాఫ్ట్‌వేర్‌కు చెబుదాం. వృత్తాలు ఒకదానిమీద ఒకటి పడి తెర నిండుతుంది. ఖాళీ కనబడదు. అధికారి చూస్తే అందరికీ బడి అందుబాటులో ఉన్నదని వ్రాసుకొంటాడు.

కాని ఆ వృత్తాలను చీల్చుకొంటూ విజయవాడ రహదారి పోతున్నది. జాతీయ రహదారి 9 అని పిలిచిన రోజుల నుండి, 65 అని పేరు మారిన తరువాత కూడా, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ అన్నీ దాని ఒడ్డున పెరిగిన ఊళ్ళే. 2018 సెప్టెంబరు 24న దాని నడుమ స్తంభాల మీద మెట్రో రైలు మొదలైనది. ఆరేడేండ్ల పిల్లకు ఆ రహదారి నది వంటిది. ఇవతలి ఒడ్డు నుండి అవతలి బడి గంట వినబడవచ్చును. సూటిగా కొలిస్తే మూడువందల మీటర్లే ఉండవచ్చును. కాని దాటడానికి మెట్రో స్టేషను మెట్లు ఎక్కి దిగవలెను, లేదా కూడలి దాకా వెళ్ళి తిరిగి రావలెను. మూడువందలు వేయి అవుతుంది. తల్లి పనికి పోయే వేళ అదే కనుక తోడు వచ్చేవారుండరు. బడి మానడానికి ఒక్కొక్కసారి అంత చిన్న కారణం చాలును.

ఇక సరూర్‌నగర్ చెరువు. వృత్తం నీటి మీదుగా కూడా పోతుంది, పిల్లవాడు పోలేడు. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు పొంగి దిగువ కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నవి. వానకాలంలో బడికి దారి వేరు, ఎండకాలంలో వేరు. కేంద్ర నియమాలలో 'వరదలు' అన్న మాట కొండకోనల వారికోసమే వ్రాసినారనుకొంటాం. అది మన నగరం నడుమకు కూడా వర్తిస్తుంది.

జాన్ స్నో గీసిన వంకర గీత ఇక్కడ మనకు కావాలి. సాఫ్ట్‌వేర్‌కు ఆ శక్తి ఉన్నది. వీధుల పటాన్ని ఆధారం చేసుకొని, బడి నుండి పదిహేను నిమిషాల నడకలో చేరగల చోట్లను అది గుర్తించగలదు. అప్పుడు వృత్తం పోయి, చేయి చాచిన వేళ్ళ వలె వీధుల వెంట సాగిన ఒక ఆకారం వస్తుంది. ఆ వేళ్ళ నడుమ సందులలో ఉన్న ఇండ్లవారే బడి అందనివారు. వృత్తంలో కనబడనివారు ఈ పటంలో కనబడుతారు. అయితే దీనికి వీధుల పటం సరిగా ఉండాలి. ఏ సందు మూసుకొని ఉన్నది, ఏ గోడకు కంత ఉన్నది, ఎక్కడ దాటవచ్చును అన్నది అక్కడ నడిచేవారు చెబితేనే తెలుస్తుంది.

* * *

పటం వేసేవారు మరి కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి.

మా ప్రాంతపు అక్షాంశం సుమారు 17.36, రేఖాంశం సుమారు 78.54. పట్టిక నింపేటపుడు ఈ రెండు గడులు తారుమారైతే చుక్క ఎక్కడ పడుతుందో తెలుసునా? ఉత్తర ధ్రువానికి దగ్గరగా, నార్వే దేశపు స్పిట్స్‌బెర్గెన్ దీవిలో! కొత్తపేట బడి మంచుదీవిలో కనబడితే వెంటనే నవ్వి సరిచేస్తాం. నవ్వు తెప్పించని తప్పులే ప్రమాదకరమైనవి. దశాంశం తరువాత రెండంకెలే వ్రాసి వదిలిపెడితే చుక్క అరకిలోమీటరుకు పైగా జరగవచ్చును. కిలోమీటరు లోపల బడి అన్నది చట్టమైనపుడు అరకిలోమీటరు తప్పు చిన్నది కాదు. కనీసం నాలుగైదు దశాంశాంకెలు కావాలి. అందుకు బడి గేటు ముందర నిలబడి ఫోనులో చూసి వ్రాసుకోవడమే ఉత్తమం. గేటు అన్నది గుర్తుంచుకోండి. భవనం ఒక వీధిలో ఉండి గేటు ఇంకొక వీధిలోకి ఉంటే పిల్లవానికి లెక్క గేటే.

రెండవది పేర్లు. తెలుగులో 'సరూర్‌నగర్' అని ఒకే తీరుగా వ్రాసేదాన్ని ఇంగ్లీషు పట్టికలలో నాలుగైదు విధాలుగా వ్రాస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒత్తులు ఒకచోట ఉంటవి, ఒకచోట ఊడుతవి. యంత్రానికి అవి వేర్వేరు ఊళ్ళు. రెండు పట్టికలను కలిపేటపుడు సగం బడులు జారిపోతవి. పేరును కాక బడి సంఖ్యను పట్టుకొని కలపవలెను. అక్కడా ఒక చిక్కున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 28తో మొదలైన మా బడుల సంఖ్యలు తెలంగాణ ఏర్పడిన తరువాత 36తో మొదలైనవి. పాత పట్టికలను కొత్తవాటితో పోల్చదలచినవారు ఈ మార్పును చూసుకోవాలి.

మూడవది కాలం. ప్రైవేటు బడి ఒక అద్దె భవనం నుండి ఇంకొక దానికి మారుతుంది, సంఖ్య మారదు. బడి మూతపడుతుంది, చుక్క పటం మీద మిగిలిపోతుంది. కనుక ప్రతి పటం మీద అది ఏ సంవత్సరపు సమాచారమో వ్రాయవలెను. సంవత్సరం లేని పటం తేదీ లేని ఉత్తరం వంటిది. ఇక దిల్‌సుఖ్‌నగర్‌కు పేరు తెచ్చిన కోచింగ్ కేంద్రాలు, వాటి చుట్టూ ఉన్న హాస్టళ్ళు ఈ పట్టికలలో ఉండవు, అవి బడులు కావు కనుక. చదువు పేరుతో అన్నిటికంటె ఎక్కువ రద్దీ ఉన్న వీధులు ఈ పటంలో ఖాళీగా కనబడితే ఆశ్చర్యపడరాదు.

* * *

ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారుండవచ్చును. ఎందుకో మన పొరుగు రాష్ట్రం చూపించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22లో, ఉన్నత పాఠశాలకు 250 మీటర్ల లోపల ఉన్న ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతుల పిల్లలను ఆ ఉన్నత పాఠశాలకు మార్చినారు. 2022లో 117వ నంబరు జీవో వచ్చి ఆ దూరం కిలోమీటరుకు పెరిగినది. ఉపాధ్యాయుల నోట, తల్లిదండ్రుల నోట దీనికి 'మ్యాపింగ్' అన్న పేరే స్థిరపడినది. మా ఊరి బడిని మ్యాపింగ్‌లో తీసివేసినారు అని జనం అనుకొన్నారు. పిల్లల దారిలో రహదారులు, వాగులు ఉన్నవని చాలాచోట్ల తల్లిదండ్రులు బడుల ముందు ధర్నాలు చేసినారు. చివరకు 2025లో ఆ జీవో రద్దయినది. పటం అనే నిర్దోషమైన మాట ప్రజల నోట బడి మూసివేతకు పర్యాయపదం కావడం భాష చదువుకొన్నవానికి బాధ కలిగించే విషయం.

బడులలో పిల్లలు తగ్గుతున్నారు, ఉపాధ్యాయులను సర్దవలసి ఉన్నది అన్న వాదంలో నిజం లేకపోలేదు. ఇరవై మంది పిల్లలకు అయిదు తరగతులు, ఒక్క ఉపాధ్యాయుడు అన్న బడిలో చదువు ఎంత సాగుతుందో నాకు తెలియనిది కాదు. రెండు బడులను కలపవలసిన సందర్భాలు ఉంటవి. కాని కలిపే నిర్ణయం తెర మీది వృత్తాన్ని చూసి జరగరాదు. ఆ దారిన ఉదయం ఎనిమిదిన్నరకు నడిచి చూసి జరగవలెను. అదే పటం బడిని మూయడానికి పనికివస్తుంది, కొత్త బడిని కోరడానికీ పనికివస్తుంది. ఎవరి చేతిలో ఉన్నది, ఏ ప్రశ్న అడిగినారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ ప్రశ్న అడిగే అవకాశం నేడు మనకూ ఉన్నది. మనలో కొందరు వికీమాపియాలో తమ ఊళ్ళను గుర్తించినవారు, గూగుల్ మ్యాప్ మేకర్ ఉన్న రోజులలో వీధులు గీసినవారు. అది 2017లో మూతపడినది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నేటికీ ఎవరైనా వ్రాయగలిగినట్లే ఉన్నది. దానిలో తెలుగు పేరుకు వేరే గడి కూడా ఉన్నది. తెలుగు వికీపీడియాలో గ్రామాల వ్యాసాలకు 2011 జనగణన నుండి విద్యా సౌకర్యాల వివరాలు చేర్చినవారి శ్రమ మనం చూసినదే. ఊళ్ళలో లేని బడి ఎంత దూరంలో ఉన్నదో అక్కడ చదవవచ్చును. కాని ఆ వివరాలు గ్రామాలకు ఉన్నట్లు నగరం మింగిన గ్రామాలకు లేవు. కొత్తపేటకు, కర్మన్‌ఘాట్‌కు, మన్సూరాబాద్‌కు ఆ పని చేయవలసినవారు అక్కడ ఉండేవారే.

బెంగుళూరులో అక్షర ఫౌండేషన్ వారు కర్ణాటక లెర్నింగ్ పార్ట్‌నర్‌షిప్ పేరుతో బడులను పటం మీదికెక్కించి, ఎవరైనా చూసి తమ మాట వ్రాయగలిగేటట్లు చేసినారు. మనం అంత పెద్ద పని తలపెట్టనక్కరలేదు. ఒక్కొక్కరు తమ ఇంటికి దగ్గరలో ఉన్న ఒక్క సర్కారు బడిని ఎంచుకొంటే చాలు. గేటు స్థానం, బోర్డు మీద ఉన్న తెలుగు పేరు ఉన్నదున్నట్లు, పెట్టిన సంవత్సరం శిలాఫలకం మీద ఉంటే అది, పిల్లలు ఏ దిక్కుల నుండి వస్తారు, దారిలో వారు దాటేది ఏమిటి. ఈ అయిదు సంగతులు ఒక కాగితం మీద వ్రాసి పటంలో చేరిస్తే, మన్రో కలెక్టర్లు ఇవ్వలేని సమాచారం ఇచ్చినవారౌతాం. పిల్లల పేర్లు, ఫోటోలు మాత్రం వద్దు. అవి పటానికి అక్కరలేదు.

క్యాంప్‌బెల్ చూసిన బడిలో చివర వచ్చినవాడు దెబ్బలు తిన్నాడు. నేటి బడిలో బెత్తం లేదు, చట్టమే దానిని నిషేధించినది. అయినా దూరం నుండి వచ్చేవానికి శిక్ష పూర్తిగా పోలేదు. అది హాజరుపట్టీలో గైర్హాజరుగా, కొన్నాళ్ళకు కొట్టివేసిన పేరుగా మారినది. చుక్కతో పాటు బాటను కూడా గీసే పటం ఆ పేరును కొట్టివేయకుండా ఆపగలిగితే, ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకొన్న శ్రమ వృథా కాదు.

మీ వీధి బడిని గూర్చి మీరు వ్రాసినపుడు నాకు ఒక మాట తెలియజేయండి. చదివి సంతోషిస్తాను.

సెలవు.